ఒక్క దవడ చూసి బరువు ఎలా చెబుతారు? అంతరించిన మాంసాహార క్షీరదాల సైజు అంచనాల గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పిల్లల సైన్స్ పోస్టర్ కోసం, అంతరించిపోయిన వేట జంతువుల పక్కన మనిషిని నిలబెట్టి సైజు పోలిక గీస్తున్నారు. సింబాకుబ్వా అనే జంతువు బరువు ఒకచోట 280 కిలోలు, ఇంకోచోట 1500 కిలోలు అని కనిపించింది. పొట్టిమూతి ఎలుగుబంటి ఒక టన్ను అని ఒకరు రాస్తే, టన్నున్నర దాటిందని మరొకరు రాశారు. ఎవరిది కరెక్ట్, అసలు ఎముక చూసి బరువు ఎలా చెబుతారు అని అడిగారు.

మ్యూజియం సేకరణల్లో మాంసాహార జంతువుల ఎముకలు కొలిచే పని నేను చాలా కాలంగా చేస్తున్నాను. ముందుగా ఒక్క మాట. మీరు చూసిన సంఖ్యల్లో ఎక్కువ భాగం లెక్క ప్రకారం సరైనవే. తేడా లెక్కలో రాలేదు. ఏ ఎముకను కొలిచారు, దాన్ని ఇప్పుడు బతికున్న ఏ జంతువులతో పోల్చారు అన్న రెండు నిర్ణయాల్లో వచ్చింది. ఆ రెండూ తెలియకుండా కిలోల సంఖ్యను ఒక్కదాన్నే పట్టుకుంటే దానికి అర్థం ఉండదు. కింద రాసేదంతా ఈ విషయం గురించే.

పద్ధతి మూలం చాలా సులువు. బతికున్న జంతువుల్లో బరువు పెరిగే కొద్దీ ఎముకలు, పళ్ళు కూడా ఒక క్రమంలో పెరుగుతాయి. ముంగిసలా కనిపించే చిన్న వేట జంతువు వీజిల్ నుంచి ధ్రువపు ఎలుగుబంటి దాకా చాలా జాతుల కొలతలు, బరువులు తీసుకుని, రెండింటికీ లాగరిథమ్ వేసి గ్రాఫ్ గీస్తే చుక్కలు దాదాపు ఒక సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖ సమీకరణమే మన పనిముట్టు. అంతరించిన జంతువు ఎముక కొలత అందులో పెడితే బరువు వస్తుంది. 1988లో లెజాండ్ర్, రోత్ పళ్ళ మీద ఇలాంటి సమీకరణాలు ఇచ్చారు. 1990లో వాన్ వాల్కెన్‌బర్గ్ పుర్రె, పళ్ళు, శరీరం పొడవుల మీద ఇచ్చారు. 1993లో అన్యోంగే కాళ్ళ ఎముకల మీద ఇచ్చారు. ఇవాళ మీరు చదివే చాలా అంచనాలకు వేర్లు వీటిలోనే ఉన్నాయి.

లాగ్ గ్రాఫ్‌లో చుక్కలు రేఖకు దగ్గరగా కనిపించడం కంటికి ఊరట ఇస్తుంది, కానీ ఆ దగ్గరితనం మోసం చేస్తుంది. లాగ్ స్కేల్ మీద వెంట్రుకవాసి దూరం మామూలు కిలోల్లో వంద, రెండు వందల తేడా కావచ్చు. దీనికి తోడు బరువు పొడవుతో సమానంగా పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. ఆకారం మారకుండా జంతువు 10% పొడుగైతే బరువు 33% పెరుగుతుంది. 25% పొడుగైతే బరువు దాదాపు రెట్టింపు. కాబట్టి పొడవులో చిన్న పొరపాటు కూడా బరువు దగ్గరికొచ్చేసరికి మూడింతలై కూర్చుంటుంది. మీరు గీసేది బొమ్మ కనుక ఇది మీకు మంచి వార్త కూడా. అంచనా బరువులో 30% అనిశ్చితి ఉన్నా బొమ్మ ఎత్తులో అది 10% దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు సింబాకుబ్వా సంగతి. ఈ జంతువు కథ వివరంగా చెప్పుకోవాల్సిందే, ఎందుకంటే పళ్ళతో బరువు కట్టడంలో ఉన్న చిక్కులన్నీ ఇందులో ఒకేచోట ఉన్నాయి. కెన్యాలోని మెస్వా బ్రిడ్జ్ అనే చోట దశాబ్దాల క్రితం తవ్వి తీసిన ఎముకలు నైరోబి మ్యూజియం డ్రాయర్‌లో ఉండిపోయాయి. వాటిని మాథ్యూ బోర్త్స్, నాన్సీ స్టీవెన్స్ అధ్యయనం చేసి 2019లో కొత్త జాతిగా ప్రకటించారు. వయసు సుమారు 2.2 నుంచి 2.3 కోట్ల సంవత్సరాలు. దొరికినవాటిలో ముఖ్యమైనది దవడలో చాలా భాగం, దానికి పళ్ళు. ఆ పళ్ళు నిజంగా భారీవి. వార్తల్లో వెంటనే "ధ్రువపు ఎలుగుబంటి కంటే పెద్దది" అని వచ్చింది.

సింబాకుబ్వా పిల్లి కాదు, కుక్క కాదు, ఎలుగుబంటి కాదు. అది హయనోడాంట్ అనే, పూర్తిగా అంతరించిపోయిన వర్గానికి చెందింది. పేరు హైనాను గుర్తు చేసినా హైనాలతో దీనికి చుట్టరికం లేదు. ఇప్పటి పిల్లులు, కుక్కలు, ఎలుగులు ఉన్న వర్గాన్ని కార్నివోరా అంటారు. వీటి నోట్లో మాంసం కోసే కత్తెర పళ్ళు, అంటే కార్నాసియల్ పళ్ళు, ప్రతి పక్కా ఒక్క జతే ఉంటాయి. పైన చివరి ప్రీమోలార్ (ముందు దవడ పన్ను), కింద మొదటి మోలార్ (వెనక దవడ పన్ను) కలిసి కత్తెరలా పనిచేస్తాయి. హయనోడాంట్లలో అలా కాదు. వాటి మోలార్లు వరుసగా అన్నీ కోసే పళ్ళే, పైగా వెనక్కి వెళ్ళే కొద్దీ పెద్దవవుతాయి. అన్నింటికంటే పెద్దది కింది దవడలో చిట్టచివరి మూడో మోలార్.

ఇప్పుడు లెక్క వేయండి. మీ చేతిలో ఉన్న సమీకరణం సింహాలు, తోడేళ్ళ మొదటి మోలార్ పొడవు మీద కట్టింది. దాంట్లో హయనోడాంట్ మూడో మోలార్ పొడవు పెడితే ఏమవుతుంది? పని ఒకటే అయినా పన్ను వేరు, నోట్లో దాని స్థానం వేరు, దాని పక్కన ఇంకా ఎన్ని కోసే పళ్ళు ఉన్నాయన్నది వేరు. అలా చేస్తే 1300 నుంచి 1500 కిలోలు దాటిన సంఖ్యలు వచ్చాయి. హయనోడాంట్ల పళ్ళకు అనువుగా తయారైన ఇంకో పద్ధతి పెడితే 280 కిలోలు వచ్చింది. ఒకే దవడ, ఒకే పళ్ళు, అంచనాల మధ్య ఐదింతల తేడా. ఆ పరిశోధకులు రెండు రకాల సంఖ్యలనూ తమ వ్యాసంలో నిజాయితీగా ఇచ్చారు. వార్తలు రాసినవాళ్ళు పెద్దదాన్ని తీసుకున్నారు, అంతే.

నా అభిప్రాయం అడిగితే 1500 కిలోల సంఖ్యను నేను పక్కన పెడతాను. కారణం పన్ను ఒక్కటే కాదు. హయనోడాంట్లకు ఒంటితో పోలిస్తే తల పెద్దది. పూర్తి అస్థిపంజరాలు దొరికిన ఇతర హయనోడాంట్లలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. తల పెద్దదైన జంతువు తలలోని ఏ భాగాన్ని కొలిచి, తల చిన్నదైన జంతువుల సమీకరణంలో పెట్టినా, బరువు ఉన్నదానికంటే ఎక్కువే వస్తుంది. లిబియాలో దొరికి, 1973లో సావేజ్ వర్ణించిన మెగిస్టోథీరియంకు కూడా ఇదే జరిగింది. పుర్రె సుమారు 66 సెంటీమీటర్లు ఉండటంతో మొదట 880 కిలోల అంచనా వచ్చింది, తర్వాతి పరిశీలనల్లో అది 500 కిలోల దగ్గరికి దిగింది. సింబాకుబ్వా సింహం కంటే పెద్ద జంతువు అనడానికి నాకు అభ్యంతరం లేదు. అంతకు మించి ఆ దవడ మాత్రమే గట్టిగా ఏమీ చెప్పలేదు.

పళ్ళను నమ్మకూడదు అని నేను అనడం లేదు. శిలాజాల్లో ఎక్కువగా మిగిలేవి పళ్ళే. పంటి పై పొర ఎనామెల్ గట్టిది, నేలలో నలిగిపోదు. చాలా జాతులకు మనకు పళ్ళు తప్ప ఇంకేమీ లేవు. పైగా పన్ను ఒకసారి వచ్చాక ఎదగదు కాబట్టి, ఇంకా పెరుగుతున్న పిల్ల దవడ దొరికినా పెద్ద జంతువు సైజు ఊహించడానికి పనికొస్తుంది. కానీ పన్ను పరిమాణం తిండిని బట్టి కూడా మారుతుంది. ధ్రువపు ఎలుగుబంటి గోధుమ ఎలుగుకు దగ్గరి చుట్టం, ఒంటి సైజులో దానికి ఏమాత్రం తీసిపోదు. సీల్ కొవ్వు తినడం మొదలయ్యాక దాని దవడ పళ్ళు చిన్నవైపోయాయి. గోధుమ ఎలుగు సమీకరణంతో ధ్రువపు ఎలుగు మోలార్‌ను లెక్కిస్తే బరువు తక్కువ వస్తుంది. ఇంకా విడ్డూరం ఆర్డ్‌వుల్ఫ్. హైనా కుటుంబంలో చెదపురుగులు తినే ఈ చిన్న జంతువుకు దవడ పళ్ళు మొనల్లా మాత్రమే మిగిలాయి. అది అంతరించిపోయి ఉంటే, మనకు పళ్ళు మాత్రమే దొరికి ఉంటే, దాని బరువు గురించి ఎంత పొరబడి ఉండేవాళ్ళమో ఆలోచించండి.

పుర్రె పొడవుతో కట్టిన అంచనాల్లో అందరికీ తెలిసింది ఆండ్రూసార్కస్. మీ జాబితాలో అది లేదు గానీ ఇలాంటి పోస్టర్లలో తప్పకుండా ఉంటుంది కాబట్టి చెబుతున్నాను. 1923లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ యాత్ర ఇన్నర్ మంగోలియాలో ఉండగా ఒక పుర్రె దొరికింది. దాని పొడవు 83.4 సెంటీమీటర్లు. కింది దవడ లేదు, ఒంటి ఎముక ఒక్కటీ లేదు. మరుసటి ఏడాది ఆ మ్యూజియం శాస్త్రవేత్త ఆస్‌బర్న్ దాన్ని మెసోనిక్స్ అనే జంతువుకు బంధువుగా భావించి, మెసోనిక్స్ ఒంటి నిష్పత్తులను ఆ పుర్రెకు తగ్గట్టు పెంచి, తోక కాకుండా పొడవు 3.82 మీటర్లు, భుజం దగ్గర ఎత్తు 1.89 మీటర్లు అన్నాడు. భూమి మీద నడిచిన అతి పెద్ద మాంసాహార క్షీరదం అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

తర్వాత ఏమైందంటే, ఆండ్రూసార్కస్ చుట్టరికమే మారిపోయింది. ఇప్పుడు దాన్ని మెసోనిక్స్ వైపు కాకుండా నీటిగుర్రాలు, తిమింగలాలు, ఎంటిలోడాంట్లు ఉన్న కొమ్మ మీద పెడుతున్నారు. ఎంటిలోడాంట్లు చూడటానికి పందుల్లా ఉండే, తల చాలా పెద్దగా ఉండే జంతువులు. ఆండ్రూసార్కస్ నిష్పత్తులు వాటిలాంటివే అయితే అదే పుర్రె కింద ఒళ్ళు బాగా చిన్నదవుతుంది. పుర్రె మారలేదు, ఒక్క మిల్లీమీటరు కూడా మారలేదు. పోల్చే జంతువు మారింది, దాంతో సైజు మారింది. 3.82 మీటర్ల సంఖ్యను ఇవాళ్టికీ చాలామంది కొలిచిన పొడవులా రాస్తూ ఉంటారు. అది కొలత కాదు, 1924 నాటి ఒక ఊహ. అది తప్పుడు పని అని నేను అనను, ఆనాటి సమాచారంతో ఆస్‌బర్న్ చేయగలిగింది చేశాడు. కానీ దాన్ని పట్టుకుని మీరు బొమ్మ గీయకండి.

కాళ్ళ ఎముకలు దొరికితే మాత్రం పరిస్థితి చాలా మెరుగు. పళ్ళు తిండి కోసం, పుర్రె కొరకడం కోసం. కాలి ఎముక బరువు మోయడం కోసం. ముందు కాలి పై ఎముక హ్యూమరస్, వెనక కాలి తొడ ఎముక ఫీమర్. ఈ రెండింటి పొడవు కంటే చుట్టుకొలత ఎక్కువ నమ్మదగింది. పొడవు పరుగెత్తే జంతువులో ఒకలా, చెట్లెక్కే జంతువులో ఒకలా మారుతుంది. మందం మాత్రం మోసే బరువుకు గట్టిగా కట్టుబడి ఉంటుంది. 2012లో కాంపియోనే, ఎవాన్స్ నాలుగు కాళ్ళ జంతువులన్నింటికీ, క్షీరదాలకూ సరీసృపాలకూ కలిపి, ఒకే సమీకరణం ఇచ్చారు. రెండు ఎముకల అతి తక్కువ చుట్టుకొలతలను మిల్లీమీటర్లలో తీసుకుని కలపాలి. ఆ మొత్తానికి లాగరిథమ్ తీసి 2.749తో గుణించి, అందులోంచి 1.104 తీసేస్తే, వచ్చేది గ్రాముల్లో బరువుకు లాగరిథమ్.

ఒక ఉదాహరణ చూద్దాం. ఊరికే ఊహించుకున్న ఒక పెద్ద పిల్లి జాతికి హ్యూమరస్ చుట్టుకొలత 130 మి.మీ., ఫీమర్ 120 మి.మీ. అనుకుందాం. మొత్తం 250. లెక్క వేస్తే సుమారు 307 కిలోలు వస్తాయి. ఈ సమీకరణం సగటు పొరపాటు 25% దగ్గర ఉంటుంది, కాబట్టి మనం నిజాయితీగా చెప్పగలిగేది "దాదాపు 230 నుంచి 385 కిలోలు" అని. అది కూడా సగటు పొరపాటే, ఒక్కో జాతి అంతకంటే దూరంగా కూడా పడొచ్చు. 307 అని ఒంటరిగా రాస్తే ఆ చివరి 7 మనకు లేని కచ్చితత్వాన్ని నటిస్తుంది.

ఇదే ఉదాహరణలో హ్యూమరస్ ఇంకో 20 మి.మీ. లావుగా ఉందనుకోండి, మిగతాదంతా అదే. మొత్తం 270 అవుతుంది, బరువు 380 కిలోలకు చేరుతుంది. ఇరవై మిల్లీమీటర్లకు డెబ్బై కిలోలు పైగా. స్మిలోడాన్ దగ్గర ఇదే అసలు సమస్య. ఈ కత్తికోరల పిల్లి ఎరను ముందు కాళ్ళతో నేలకు అదిమి పట్టేది. 2010లో ఎక్స్‌రేలతో చేసిన అధ్యయనంలో దాని హ్యూమరస్ గోడలు ఇప్పటి పెద్ద పిల్లులతో పోలిస్తే బాగా మందంగా ఉన్నట్టు తేలింది. అంటే ఆ ఎముక బలంలో కొంత ఒంటి బరువు మోయడానికి కాదు, పెనుగులాడే ఎరను పట్టి ఉంచడానికి. హ్యూమరస్ ఒక్కటే చూసి లెక్కిస్తే పెనుగులాట బలం కూడా కిలోల ఖాతాలో పడుతుంది. అందుకే వెనక కాళ్ళ ఎముకలను కలిపి చూడటం, ఒకటి కాకుండా చాలా కొలతలు తీసుకోవడం అవసరం.

క్రిస్టియన్‌సెన్, హారిస్ 2005లో స్మిలోడాన్ మీద అలాగే అనేక ఎముకల కొలతలతో పనిచేశారు. మీ పోస్టర్‌కు నేను సూచించే సంఖ్యలు వాళ్ళవే: స్మిలోడాన్ జాతుల్లో చిన్నదైన గ్రాసిలిస్ 55 నుంచి 100 కిలోలు, కాలిఫోర్నియాలోని లా బ్రేయా తారు గుంటల ఫటాలిస్ 160 నుంచి 280 కిలోలు, దక్షిణ అమెరికా పాపులేటర్ 220 నుంచి 400 కిలోలు. 2020లో ఉరుగ్వే నుంచి 39 సెంటీమీటర్ల పాపులేటర్ పుర్రె ఒకటి ప్రకటించారు, దానికి 436 కిలోలు అంచనా వేశారు. అది పుర్రె మీద కట్టిన అంచనా, అదీ ఒక అసాధారణ జంతువుది. జాతి మొత్తానికి దాన్ని ప్రతినిధిగా పెట్టకూడదు.

ఎలుగుబంట్ల దగ్గరికొస్తే "ఏ ఒక్క జంతువు?" అన్న ప్రశ్న ఇంకా ముఖ్యం. అర్జెంటీనాలోని లా ప్లాటాలో దొరికిన ఆర్క్టోథీరియం అంగుస్టిడెన్స్ అనే దక్షిణ అమెరికా పొట్టిమూతి ఎలుగు ఎముకల మీద సోయిబెల్‌జాన్, షూబర్ట్ 2011లో వ్యాసం రాశారు. ముసలి మగ ఎలుగు, హ్యూమరస్ అసాధారణంగా పెద్దది. ఏడు సమీకరణాలు పెట్టి చూస్తే 983 కిలోల నుంచి 2042 కిలోల దాకా వచ్చింది. అందులో 1588 నుంచి 1749 మధ్య ఉన్నవి ఎక్కువ నమ్మదగినవని వాళ్ళు భావించారు. మీరు చూసిన టన్నున్నర దాటిన సంఖ్య ఇక్కడిదే అయి ఉండాలి. ఒకే ఎముక మీద వేర్వేరు చోట్ల తీసిన కొలతలు రెండింతల తేడా ఇచ్చాయన్నది గమనించండి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇవాళ బతికున్న ఏ ఎలుగూ ఆ సైజులో లేదు. సమీకరణం కట్టిన జంతువులన్నీ రేఖ మీద కింద ఎక్కడో ఆగిపోతాయి, అక్కడి నుంచి రేఖను గాల్లోకి పొడిగించి ఆ సంఖ్య చదువుతున్నాం. ఆ పైన కూడా రేఖ అదే వాలులో వెళ్తుందని హామీ లేదు. అది బహుశా మనకు తెలిసిన ఎలుగుల్లో అతి పెద్దది. అంత మాత్రం నేను ధైర్యంగా చెబుతాను. 1700 అన్న సంఖ్యను మాత్రం పోస్టర్ మీద ఒంటరిగా వేయను.

ఉత్తర అమెరికా పొట్టిమూతి ఎలుగు ఆర్క్టోడస్ సైమస్ వేరే జంతువు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చాలా గందరగోళం. 2010లో ఫిగెరీడో, ఆయన సహచరులు దాని కాలి ఎముకలను మళ్ళీ కొలిచారు. అతి పెద్ద నమూనాకు 957 కిలోలు వచ్చింది. అందరూ చెప్పే "ఒక టన్ను ఎలుగు" అదే. కానీ అదే జాతిలో చిన్నవి అందులో సగం బరువు కూడా లేవు. ఎలుగుల్లో మగవి ఆడవాటి కంటే బాగా పెద్దవి, పైగా ప్రాంతాన్ని బట్టి సైజు మారుతుంది. మీరు రెండు ఎలుగులనూ పక్కపక్కన పెడితే, రెండూ అతి పెద్ద నమూనాలే అని కింద రాయండి. లేదంటే రెండింటికీ మధ్యస్థపు సైజు తీసుకోండి. ఒకదానికి రికార్డు, ఇంకోదానికి సగటు పెట్టడం పోస్టర్లలో నేను ఎక్కువగా చూసే అన్యాయం. అన్నట్టు, ఆర్క్టోడస్‌ను పొడవాటి సన్నటి కాళ్ళతో గీయకండి. అది కొయ్యకాళ్ళ మీద నడిచినట్టు కనిపించే పాత బొమ్మలు దాని నిష్పత్తులకు సరిపోవని అదే వ్యాసం వాదించింది.

పూర్తి అస్థిపంజరం ఉంటే దాన్ని స్కాన్ చేసి ఘనపరిమాణం కట్టొచ్చు. 2012లో సెల్లర్స్ బృందం ఎముకల చుట్టూ అతి తక్కువ తొడుగు వేసినట్టు కంప్యూటర్‌లో లెక్కించి, క్షీరదాల అసలు బరువు ఆ తొడుగు కంటే దాదాపు 21% ఎక్కువని చూపించింది. చక్కటి పద్ధతే, కానీ మన జంతువుల్లో చాలావాటికి ఉపయోగపడదు. లా బ్రేయాలో వేల ఎముకలు ఉన్నా అవి చెల్లాచెదురుగా కలిసిపోయాయి. మ్యూజియంలో నిలబెట్టిన స్మిలోడాన్ అస్థిపంజరాలు సాధారణంగా వేర్వేరు జంతువుల ఎముకలతో కూర్చినవి.

అంచనాలు ఎప్పుడూ కిందికే దిగుతాయని అనుకోకండి. ఆస్ట్రేలియా థైలకోలియో, మార్సుపియల్ (పిల్లల్ని సంచిలో పెంచే జంతువు) సింహం అని పిలిచేది, దీనికి మంచి ఉదాహరణ. దాని దగ్గరి బతికున్న చుట్టాలు కోలా, వాంబాట్. రెండూ ఆకులూ గడ్డీ తినేవే. వేటాడే చుట్టం ఒక్కటీ లేదు. పోల్చడానికి సరైన జంతువు లేక అంచనాలు చాలాకాలం చెదిరిపోయి ఉండేవి. 1999లో రో, ఆయన సహచరులు కాలి ఎముకల మందం మీద లెక్కించి సగటున 101 నుంచి 130 కిలోలు అన్నారు. చాలామంది అనుకున్నదాని కంటే అది బరువైన జంతువే.

ఇక "ప్రాచీన తోడేలు" డైర్‌వుల్ఫ్. గుర్రమంత ఎత్తు గీసిన బొమ్మలు చూశాను. 2006లో అన్యోంగే, రోమన్ లెక్కించింది సగటున 60 నుంచి 68 కిలోలు. ఇప్పటి ఉత్తరాది పెద్ద తోడేళ్ళు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. పళ్ళు, తల కొంచెం భారీ, అంతే. ఇది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే అసలు జంతువు తన సైజులోనే అద్భుతంగా ఉంది, దాన్ని సాగదీయాల్సిన పని లేదు.

ఒక్క సంగతి మర్చిపోతుంటారు. బతికున్న జంతువు బరువు కూడా స్థిరమైన సంఖ్య కాదు. గోధుమ ఎలుగు శీతాకాలపు నిద్రలో తన బరువులో మూడో వంతు దాకా పోగొట్టుకోగలదు. సింహం ఒక్క పూటలో 30 కిలోల పైగా మాంసం తినగలదు, ఆ వెంటనే తూస్తే అది కూడా లెక్కలోకి వస్తుంది. ఎముకలో ఈ మార్పులేవీ కనిపించవు. సమీకరణాలకు పునాది అయిన బరువులు కూడా చాలాసార్లు అదే అస్థిపంజరం జంతువును తూచినవి కావు. మ్యూజియం పెట్టె మీద బరువు రాసి లేకపోతే జాతి సగటును పుస్తకంలోంచి తీసుకుని పెడతారు. పైగా లాగ్ లెక్కను తిరిగి కిలోల్లోకి మార్చేటప్పుడు వచ్చే సంఖ్య అసలు సగటు కంటే కాస్త తక్కువగా ఉంటుంది, దానికి దిద్దుబాటు చేయాలి. పాత వ్యాసాల్లో కొందరు ఆ దిద్దుబాటు చేశారు, కొందరు చేయలేదు. రెండు వ్యాసాల సంఖ్యలను నేరుగా పక్కపక్కన పెట్టే ముందు ఇది కూడా చూసుకోవాలి.

కాబట్టి మీ పోస్టర్‌కు ఇలా చేయమంటాను. ప్రతి జంతువుకూ బరువు ఒక సంఖ్యగా కాక పరిధిగా రాయండి. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఏ ఎముక నుంచి వచ్చిందో రాయండి: "కాలి ఎముకల నుంచి", "పుర్రె నుంచి", "పళ్ళ నుంచి". పిల్లలకు అర్థం కాదని అనుకోకండి. ఏ ఎముక దొరికిందో చెబితే వాళ్ళు అడిగే ప్రశ్నలు మనవాటికంటే పదునుగా ఉంటాయి. బొమ్మను బరువు నుంచి గీయకుండా, అస్థిపంజరం ఉన్నచోట భుజం ఎత్తు నుంచి గీయండి. స్మిలోడాన్, ఆర్క్టోడస్, డైర్‌వుల్ఫ్, థైలకోలియోలకు మంచి అస్థిపంజరాలు ఉన్నాయి, కాబట్టి వాటి ఆకారాలను పూర్తిగా నింపి గీయవచ్చు. ఆర్క్టోథీరియంకు పూర్తి ఆకారం గీసి, అది అతి పెద్ద ఒక్క మగ ఎలుగు అని రాయండి.

సింబాకుబ్వా, ఆండ్రూసార్కస్‌ల దగ్గర మాత్రం ఒళ్ళంతా నింపకండి. సింబాకుబ్వా దవడను, ఆండ్రూసార్కస్ పుర్రెను అసలు కొలతలకు గీసి ముదురు రంగు వేయండి. మిగతా ఒంటిని చుక్కల గీతతో రెండుసార్లు, చిన్న అంచనాకు ఒకటి, పెద్ద అంచనాకు ఒకటి, ఒకదాని లోపల ఒకటి వచ్చేలా గీయండి. మనిషి బొమ్మను రెండు గీతలకూ దగ్గరగా నిలబెడితే చాలు. కొలతలతో గీత వేశాక పంపండి, నిష్పత్తులు నేను చూసి పెడతాను.